పాత మోటార్‌బోటు కొన్నాను, పెట్రోల్ లైనులో, నీళ్ల గొట్టాల్లో ఈ భాగాలేంటో చెప్పగలరా?

శీను_కమ్మింగ్
అందరికీ నమస్కారం. అట్లాంటాకి ఉత్తరాన లేక్ లేనియర్ దగ్గర ఉంటాం. ఈమధ్యే ఒక పాత బోటు కొన్నాను. 1997 మోడల్, 24 అడుగులు, ముందు చిన్న క్యాబిన్, అందులో టాయిలెట్, సింకు. ఇంజన్ మెర్‌క్రూజర్ 5.7 లీటర్ల వీ8, కార్బురేటర్ ఉన్నది, పెట్రోల్‌తో నడిచేది. అమ్మినాయన మూడో ఓనరు, మాన్యువల్ లాంటిదేమీ ఆయన దగ్గర లేదు. కారు పని కొంచెం తెలుసు కానీ ఇంజన్ గది మూత ఎత్తితే సగం సామాను నేనెప్పుడూ చూడనిదే. ఫొటోలు పెట్టాను.

ఫొటో 1: పెట్రోల్ ట్యాంకు నుంచి ఇంజన్‌కి వెళ్లే గొట్టం మొదట్లో ఇత్తడి ముక్క. మామూలు నిపుల్ కంటే పొడుగు.
ఫొటో 2: ఫ్యూయల్ పంపు నుంచి కార్బురేటర్‌కి సన్నటి పారదర్శకమైన ట్యూబు. అసలు పెట్రోల్ లైను వేరే ఉంది, అది ఇనుప పైపు. ఈ ట్యూబులో ఏమీ లేదు.
ఫొటో 3: గోడకి బిగించిన ప్లాస్టిక్ సీసా, లోపల ముదురు నూనె, మూత దగ్గర రెండు వైర్లు.
ఫొటో 4: టాయిలెట్ వెనక మూడు దారుల వాల్వు. పక్కనే పైకి లేచి మళ్లీ కిందికి దిగే గొట్టం, ఆ వంపు మీద బుల్లి మూత.
ఫొటో 5: క్యాబిన్ మెట్టు కింద డబ్బా, మురికి నీళ్లు, వెంట్రుకలు. ఛీ.
ఫొటో 6: డెక్ మీద మూడు మూతలు. ఒకదాని మీద అక్షరాలు అరిగిపోయాయి.
ఫొటో 7: పెట్రోల్ ట్యాంకు మీదే ఇంకో మూతి, ఇత్తడి బిరడాతో మూసేశారు.

ఇంకో సంగతి. 3000 ఆర్‌పీఎం దాటగానే ఇంజన్ గింజుకుని దిగిపోతోంది. వీటిలో దేనికైనా దానితో సంబంధం ఉందా?

గ్యారేజ్_కిరణ్ (హ్యూస్టన్)
ఫొటో 1లో ఉన్నదే మీ దొంగ. దాన్ని యాంటీ సైఫన్ వాల్వ్ అంటారు. లోపల చిన్న గోలీ, స్ప్రింగు ఉంటాయి. పాత పెట్రోల్ జిగురు పట్టి గోలీ సరిగా కదలదు, ఇంజన్ గట్టిగా అడిగినప్పుడు పెట్రోల్ చాలదు. పీకేసి మామూలు నిపుల్ పెట్టండి, పది నిమిషాల పని. మా ఫ్రెండ్ బోటుకి అలాగే చేశాం, దూసుకుపోతోంది.

పద్మజ_టాకోమా
శీను గారూ, పీకకండి. పేరు కిరణ్ గారు సరిగ్గానే చెప్పారు, మందు మాత్రం ప్రమాదం.

ఆ వాల్వు ఎందుకు ఉందో చూడండి. మీ ట్యాంకు నుంచి గొట్టం ఇంజన్ దాకా వెళ్తుంది. దారిలో ఎక్కడైనా ఆ గొట్టం ట్యాంకులోని పెట్రోల్ మట్టం కంటే కిందికి దిగిందనుకోండి. అక్కడ చిన్న పగులు వస్తే చాలు, ఇంజన్ ఆపేసి ఉన్నా సైఫన్ అయి, అంటే పంపు లేకుండానే దానంతటదే లాక్కుని, ట్యాంకు మొత్తం బోటు అడుగులోకి కారిపోతుంది. ఈ వాల్వు ఉంటే పంపు లాగినప్పుడే తెరుచుకుంటుంది, లాగడం ఆగితే స్ప్రింగు మూసేస్తుంది. సైఫన్ కాకుండా రక్షణ ఉండాలని కోస్ట్‌గార్డ్ నిబంధనల్లోనే ఉంది. జిగురు పట్టిందనే అనుమానం ఉంటే తీసి శుభ్రం చేయండి, లేదా అలాంటిదే కొత్తది వేయండి. తక్కువ ధరే.

గ్యారేజ్_కిరణ్
కార్లలో ఇలాంటిది లేకుండానే కోట్ల బండ్లు తిరుగుతున్నాయి కదండీ. మరీ భయపెట్టేస్తున్నారు.

చీఫ్_విశాఖ
కిరణ్ బాబూ, కారులో కారితే రోడ్డు మీద పడుతుంది, గాలికి పోతుంది. బోటుకి అడుగున కన్నం ఉండదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. వెళ్లి బిల్జ్‌లో, అంటే బోటు అడుగున, కూర్చుంటుంది. ఎవరో వచ్చి తాళం తిప్పుతారు. నేను ఓడల్లో పనిచేసింది డీజిల్, హెవీ ఆయిల్ మీద. వాటితో పోలిస్తే ఈ చిన్న పెట్రోల్ బోట్లంటేనే నాకు ఎక్కువ భయం.

శీనూ, ముందు ఒక పని చెయ్యి. మాస్కింగ్ టేపు, మార్కర్ తీసుకో. ప్రతి గొట్టాన్నీ చేత్తో తడుముతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లు. ఎక్కడి నుంచి ఎక్కడికో రెండు చివర్లా రాసి అంటించు. పెద్ద ఓడల్లో పైపులకి రంగులు వేసి ఉంటాయి: ఇంధనం గోధుమ, మంచినీళ్లు నీలం, సముద్రపు నీళ్లు ఆకుపచ్చ, వ్యర్థాలు నలుపు. అయినా కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరుని లైను మొత్తం నడిచి చూసి బొమ్మ గీసుకు రమ్మంటాం. ఆ బొమ్మ గీసేదాకా వాల్వు మీద చెయ్యి వెయ్యనివ్వం. నీ బోటుకి ఒక్క పూట చాలు.

లేనియర్_వంశీ
మా లేక్‌లోకి ఇంకో తెలుగువాడు! స్వాగతం బ్రో. నాది పొంటూన్, అంటే పొడుగాటి లోహపు గొట్టాల మీద తేలే చదును బోటు, ఇంత గొడవ లేదు.

తెలిసినవి చెప్తా. ఫొటో 3 గేర్ ఆయిల్ సీసా. వెనక నీళ్లలో ఉండే డ్రైవ్‌లోని గేర్లకి సంబంధించింది. ఆ రెండు వైర్లు నూనె తగ్గితే అలారం మోగించడానికి. చాలామంది దాన్ని కూలెంట్ డబ్బా అనుకుని యాంటీఫ్రీజ్ పోసేస్తారు. ఆ పని మాత్రం చేయకు. ఫొటో 5 షవర్ సంప్. సింకు, షవర్ నీళ్లు అందులోకి వస్తాయి. లోపల చిన్న పంపు, ఫ్లోట్ స్విచ్ ఉంటాయి, నిండగానే బయటికి తోస్తుంది. ఆ వెంట్రుకలు ముగ్గురు ఓనర్ల వారసత్వం. గ్లౌజులు వేసుకుని ఫిల్టర్ కడుగు.

పద్మజ_టాకోమా
గేర్ ఆయిల్ సీసా గురించి ఇంకో మాట. మట్టం తగ్గుతూ పోతుంటే ఎక్కడో సీలు లీకవుతోంది. పెరిగినా, నూనె పాలు కలిపినట్టు తెల్లబడినా డ్రైవ్‌లోకి నీళ్లు వెళ్తున్నాయి. అది కనిపిస్తే ఇంక తిప్పకుండా ఒడ్డుకి చేర్చాలి. ఇప్పుడు గీత పెట్టుకుని, నీళ్లలోకి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఇంజన్ చల్లారాక చూడండి.

ఫొటో 2 నాకు చాలా ఇష్టమైన భాగం. ఫ్యూయల్ పంపులో రబ్బరు డయాఫ్రం ఉంటుంది. కారు పంపులో అది చిరిగితే పెట్రోల్ బయటికి కారిపోతుంది. బోటులో అలా కారకూడదు కాబట్టి ఆ పెట్రోల్ ఈ పారదర్శక ట్యూబులోకి వచ్చి కార్బురేటర్‌లోకి పోయేలా పెట్టారు. ట్యూబు ఖాళీగా ఉంటే పంపు బాగున్నట్టు. అందులో పెట్రోల్ కనబడితే పంపు మార్చాలి. అప్పుడు కూడా కార్ల షాపులో చవగ్గా దొరికే పంపు వేయకూడదు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, బోల్టులు కూడా సరిపోతాయి, ఈ ట్యూబుకి మూతి మాత్రం ఉండదు. స్టార్టర్, ఆల్టర్నేటర్ విషయంలోనూ అంతే. బోటువి లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరికి అంటుకోకుండా కట్టి ఉంటాయి.

శీను_కమ్మింగ్
ఇంత తొందరగా ఇన్ని జవాబులా! థ్యాంక్స్ అందరికీ. ట్యూబు పొడిగానే ఉంది, హమ్మయ్య. టాయిలెట్ వెనకది ఏంటండీ? ఆ వాల్వు పిడి ఎటు ఉండాలో తెలియక ముట్టుకోలేదు.

పద్మజ_టాకోమా
ముట్టుకోకపోవడమే మంచిదైంది. దాన్ని వై వాల్వ్ అంటారు. ఒక వైపు తిప్పితే టాయిలెట్ నుంచి వచ్చేది బోటులోని హోల్డింగ్ ట్యాంకులోకి, రెండో వైపు తిప్పితే నేరుగా బయటి నీళ్లలోకి వెళ్తుంది. రెండోది సముద్రంలో ఒడ్డు నుంచి మూడు మైళ్లు దాటాక వాడుకోవడానికి పెట్టింది. లేనియర్‌లో అసలు వదలకూడదు, పిడిని ట్యాంకు వైపు తిప్పి, తాళమో గట్టి జిప్ టై ఏదో వేసి కదలకుండా బిగించాలి.

లేనియర్_వంశీ
మనందరం తాగేది ఆ లేక్ నీళ్లే బ్రో. దయచేసి బిగించు.

పద్మజ_టాకోమా
:) ఇక వంపు తిరిగిన గొట్టం. మీ టాయిలెట్ గిన్నె నీటి మట్టం కంటే కింద ఉండి ఉంటుంది. అలాంటప్పుడు ఒకసారి నీళ్లు లోపలికి రావడం మొదలైతే సైఫన్ అయి గిన్నె పొంగి బోటే మునిగిపోవచ్చు. గొట్టాన్ని నీటి మట్టం కంటే బాగా పైకి ఎత్తి దించుతారు, ఆ శిఖరం మీది బుల్లి మూతలో గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే రబ్బరు ముక్క పెడతారు. గాలి చొరబడగానే సైఫన్ తెగిపోతుంది. పెట్రోల్ ట్యాంకు దగ్గర స్ప్రింగు, గోలీ చేసే పనే ఇక్కడ గాలి చేస్తోంది. కొందరు వాసన వస్తోందని ఆ మూతకి టేపు చుట్టేస్తారు. మీ ముందు ఓనర్లు ఆ ఘనకార్యం చేశారేమో చూడండి.

శీను_కమ్మింగ్
మీరెలా కనిపెట్టారండీ! నల్ల టేపు నాలుగు చుట్లు ఉంది. తీసేశాను. రబ్బరు ముక్క బిర్రబిగుసుకుపోయింది, కొత్తది ఆర్డర్ పెట్టాను.

చీఫ్_విశాఖ
డెక్ మూతల సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడు ఉంటే మామూలుగా ఒకటి పెట్రోల్, ఒకటి మంచినీళ్లు, ఒకటి టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసేది. అక్షరాలు అరిగినదాంట్లో ఊహించి ఏదీ పొయ్యకు. కింద నుంచి గొట్టం పట్టుకుని ఏ ట్యాంకుకి వెళ్తోందో చూడు. టాయిలెట్‌ది అయితే మూత కింద పంపౌట్ పైపు బిగించడానికి మరలు ఉంటాయి, వాసన ఎలాగూ చెబుతుంది. మంచినీళ్ల ట్యాంకులో పెట్రోల్ పోస్తే ట్యాంకు, గొట్టాలు అన్నీ పారెయ్యాల్సిందే. గాలపు కర్ర నిలబెట్టే గొట్టంలోకి పంపు నాజిల్ దూర్చిన మహానుభావులూ ఉన్నారు. దానికి అడుగు లేకపోతే అంతా బిల్జ్‌లోకే.

కాకినాడ_సత్తిబాబు
నమస్కారమండి. మాది కాకినాడ, బోట్ల ఇంజన్ల పని చేస్తానండి. మా మరబోట్లు అన్నీ డీజిలేనండి, మీ పెట్రోల్ బోట్ల గురించి నాకు అంతగా తెలీదు. కానీ ఇంజన్ జోరు అందుకోక దిగిపోయే జబ్బు మాత్రం రోజూ చూసేదే. అందరూ వాల్వు గురించే మాట్లాడుతున్నారు, గొట్టం ఎవరూ చూడలేదు. పైకి నిగనిగలాడుతూ ఉంటుందండి. లోపల పొర ఊడిపోయి, ఇంజన్ లాగినప్పుడల్లా నాలుకలా లేచి దారి మూసేస్తుంది. ఆపగానే మళ్లీ పడుకుంటుంది. ఊదితే గాలి బాగానే పోతుంది, అందుకే చిక్కదు. గొట్టం మీద ఏం అచ్చు ఉందో చదివి చెప్పండి.

ఇంకోటండి. ట్యాంకుకీ పంపుకీ మధ్య గొట్టం పీల్చే వైపు. అక్కడ క్లాంపు వదులైతే నడుస్తున్నప్పుడు చుక్క కారదు, గాలి పీల్చుకుంటుంది. తడి లేదు కదా అని వదిలెయ్యకండి.

గ్యారేజ్_కిరణ్
సత్తిబాబు గారు చెప్పింది పాయింటే. వాల్వు, గొట్టం, ఫిల్టరు ఒక్కొక్కటీ పీకే బదులు ముందు చిన్న పోర్టబుల్ ట్యాంకు తెచ్చి, పంపు దగ్గర గొట్టం విప్పి దానికి కలపండి. జోరు అందుకుంటే జబ్బు ట్యాంకు వైపు ఉంది. అందుకోకపోతే పంపు, కార్బురేటర్ వైపు. వాక్యూమ్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. పంపు ముందు పీల్చే ఒత్తిడి 2 అంగుళాల పాదరసం దాటకూడదని మెర్‌క్రూజర్ వాళ్లు అంటారు.

ఇంకో విషయం, ఫొటో 6 పెద్దది చేసి చూశాను. పెట్రోల్ మూత కింద ఆకుపచ్చ వైరు ఒకటి తెగి వేలాడుతోంది. అది డెక్ మీది లోహపు మూతినీ ట్యాంకునీ కలిపే ఎర్త్ వైరు. పెట్రోల్ పోసేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు అక్కడ పోగుకాకుండా ఉండాలి. కొత్త రింగ్ టెర్మినల్ వేసి మల్టీమీటర్‌తో చూడండి, రెండింటి మధ్య 100 ఓంలకంటే తక్కువ చూపించాలి. అది అతికించేదాకా బంకుకి వెళ్లొద్దు.

పద్మజ_టాకోమా
కిరణ్ గారు, ఆ వైరు నా కంట పడలేదు. మంచి చూపు.

శీను గారూ, టెస్టు చేసేటప్పుడు: బ్యాటరీ స్విచ్ ఆపి గొట్టం విప్పండి. కారిన చుక్కలు గుడ్డతో తుడిచి ఆ గుడ్డ బోటు బయట పెట్టండి. తర్వాత బ్లోయర్, అంటే ఇంజన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, నాలుగు నిమిషాలు నడిపి, ఇంజన్ మూత ఎత్తి ముక్కుతో వాసన చూసి, ఆ తర్వాతే తాళం తిప్పండి. డ్యాష్ దగ్గర ఈ నాలుగు నిమిషాల హెచ్చరిక స్టిక్కర్ ఉండాలి. పెట్రోల్ మంటలకి పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేట్టు పెట్టుకోండి.

పోర్టబుల్ ట్యాంకుతో బాగా నడిస్తే, గొట్టం కోసే ముందు వెంట్ కూడా చూడండి. బోటు పక్క గోడకి జల్లెడ లాంటి చిన్న ముక్కు ఉంటుంది. జార్జియాలో మట్టిగూళ్లు కట్టే కందిరీగలకి అదంటే మహా ఇష్టం. అది మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాదు, పెట్రోల్ బయటికి రాదు. మూత వదులు చేసి నడిపితే తేడా తెలుస్తుంది.

శీను_కమ్మింగ్
రిపోర్టు ఇదిగో.

బ్యాటరీ, బ్లోయర్ అన్నీ పద్మజ గారు చెప్పినట్టే. పోర్టబుల్ ట్యాంకుతో నీళ్ల మీద 4400 దాకా ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లింది. అంటే జబ్బు ట్యాంకు వైపే. మళ్లీ పాత గొట్టం కలిపి, పెట్రోల్ మూత వదులు చేసి నడిపా, ఏ తేడా లేదు, మళ్లీ 3000 దగ్గరే దిగిపోయింది. వెంట్ కాదు.

ఇంటికొచ్చి ఇత్తడి వాల్వు విప్పాను. అద్దంలా ఉంది! గోలీ పుల్లతో నొక్కితే చక్కగా వెళ్లి చక్కగా వస్తోంది. అమ్మినాయన ఈమధ్యే మార్చినట్టున్నాడు, ఆయన కూడా దీన్నే అనుమానించాడేమో.

అప్పుడు గొట్టం మీద అచ్చు చూశా. 30ఆర్7 అని ఉంది. కోస్ట్‌గార్డ్ అని ఎక్కడా లేదు. నిలువునా కోశాను. సత్తిబాబు గారూ, దండం మీకు. వంపు దగ్గర లోపలి పొర బొటనవేలంత మేర ఊడి లేచి ఉంది. ఫొటో 8 చూడండి.

కాకినాడ_సత్తిబాబు
అదేనండి, అచ్చం అదే. వంపు దగ్గరే లేస్తుంది ఎప్పుడూ.

పద్మజ_టాకోమా
30ఆర్7 కార్ల గొట్టం. బోటు ఇంజన్ గదిలో వాడే దాని మీద "యూఎస్‌సీజీ టైప్ ఏ1" అని, తయారైన సంవత్సరంతో సహా అచ్చు ఉంటుంది. యూఎస్‌సీజీ అంటే అమెరికా కోస్ట్‌గార్డ్. ఏ అంటే మంటలో రెండున్నర నిమిషాలు తట్టుకునే పరీక్ష నెగ్గింది. 1 అంటే గోడలోంచి ఆవిరి తక్కువ పోతుంది. ఇప్పుడు దొరికేది ఏ1-15, ఇంకా మెరుగు. అదే కొనండి. పెట్రోల్ పోసే లావు గొట్టం కూడా చూసి, దాని ఒక్కో చివరకి రెండేసి క్లాంపులు వేయండి. కొత్త గొట్టం వేశాక పంపు ముందు ఉండే నీళ్లు వడకట్టే ఫిల్టరూ మార్చేయండి. పాతదాన్ని గాజు సీసాలోకి వంపి చూడండి, అడుగున నీళ్లు వేరుగా కనిపిస్తే ట్యాంకులో కూడా ఉన్నట్టే. బంకులో ఈ15, అంటే 15 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్, మాత్రం కొట్టించకండి, బోట్లకి అది నిషేధం.

గ్యారేజ్_కిరణ్
వాల్వు నిర్దోషి అని తేలింది కాబట్టి నా కేసు వెనక్కి తీసుకుంటున్నా. :)

చీఫ్_విశాఖ
ఫొటో 7 మిగిలింది. ఆ రెండో మూతి జనరేటర్ కోసం. ఒకే ట్యాంకు చాలా మోడళ్లకి వాడతారు కాబట్టి కంపెనీలోనే రెండు మూతులు పెడతారు. జనరేటర్ లేని బోటుకి బిరడా కొట్టేస్తారు. బిరడా చుట్టూ తడి లేకపోతే దాని జోలికి పోకు. వెనక భాగంలో కుడివైపు 12 అక్షరాల హల్ నంబరు చెక్కి ఉంటుంది, చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. ఆ నంబరు, ఇంజన్ సీరియల్ నంబరు రాసి పెట్టుకో. పార్టుల బొమ్మలు వెతకడానికి అవే ఆధారం.

శీను_కమ్మింగ్
కొత్త గొట్టం వేశాను, 4500 అందుకుంది. ఆకుపచ్చ వైరు అతికించాను, మీటరు ఒక ఓం కంటే తక్కువే చూపిస్తోంది. అక్షరాలు అరిగిన మూత మంచినీళ్లది. వై వాల్వుకి తాళం పడింది.

టేపు పట్టుకుని తిరుగుతుంటే ఇంకోటి బయటపడింది. బ్లోయర్ గొట్టం ఊడి ఇంజన్ పైన పడి ఉంది. ఫ్యాను మోగుతోంది, పైన గాలి పీలుస్తోంది.

పద్మజ_టాకోమా
ఇది అన్నిటికంటే ముఖ్యమైన దొరుకుడు. ఆవిరి కింద ఉంటే పైన గాలి లాగి ఏం లాభం? గొట్టం కొసని ఇంజన్ గది కింది మూడో వంతులోకి దింపి కట్టండి. మామూలుగా అడుగున నిలిచే నీళ్లలో మాత్రం మునగకూడదు.

శీను_కమ్మింగ్
ఈ రోజే కడతా. చలికాలానికి నీళ్ల లైన్లలో ఏ యాంటీఫ్రీజ్ పొయ్యాలి? గరాజ్‌లో ఆకుపచ్చది ఉంది.

లేనియర్_వంశీ
ఆకుపచ్చది విషం బ్రో, కార్లది. తాగునీళ్ల లైన్లకి గులాబీ రంగుది, ప్రొపిలీన్ గ్లైకాల్‌ది. ముందు ఇంజన్ బ్లాకు, మానిఫోల్డ్ డ్రెయిన్ ప్లగ్గులు విప్పి నీళ్లు తీసెయ్. ఒక్క రాత్రి గడ్డకడితే బ్లాకు పగిలిపోతుంది.

ఇంతకీ నాకూ ఒక డౌటు. నా పొంటూన్ 2014ది, ట్యాంకు వెంట్ గొట్టం మధ్యలో నల్ల డబ్బా ఉంది. ఏంటది?

పద్మజ_టాకోమా
బొగ్గు డబ్బా. ట్యాంకు ఆవిరి గాల్లోకి పోకుండా పట్టుకుంటుంది. పర్యావరణ నిబంధనలు మారాక వచ్చిన బోట్లలో పెడుతున్నారు. ఆవిరిని పట్టుకోగలదు కానీ పెట్రోలే వచ్చి పడితే పాడవుతుంది. నాజిల్ దానంతటదే ఆగాక ఇంకా కూరి కూరి పోయకూడదు.

లేనియర్_వంశీ
మా బావమరిది ప్రతిసారీ మూతి దాకా పోస్తాడు. ఈ పేజీ వాడికి పంపిస్తున్నా.